లెపిడోలైట్‌ను గుర్తుపట్టడం ఎలా: చేతిలోని రాయి నుంచి ల్యాబ్ రిపోర్టు దాకా

గూడూరు, సైదాపురం వైపు పాత అభ్రకం గనుల పక్కన నేల ఎండలో తళతళమంటుంది. వాన వెలిసిన మర్నాడు ఆ దారిన నడిస్తే చెప్పులకు కూడా మెరుపు అంటుకుంటుంది. మన పెద్దవాళ్లు దాన్ని కాకి బంగారం అన్నారు. ఆ అభ్రకం కుటుంబంలోనే పుట్టి, లిథియంను కడుపులో దాచుకున్న ఖనిజం లెపిడోలైట్.

లిథియం మాట ఊరూరా వినిపించడం మొదలయ్యాక, ఊదారంగులో మెరిసే రాయి దొరికితే చాలు, ఫొటో తీసి "ఇది లెపిడోలైటేనా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఫొటో చూసి చెప్పలేం. రంగు చూసి అసలే చెప్పకూడదు. రాయిని చేతిలోకి తీసుకుని, ఒక వరుసలో కొన్ని పరీక్షలు చేస్తే మాత్రం చాలావరకు తేల్చుకోవచ్చు. ఆ వరుసే ఇక్కడ రాస్తున్నాను. చదువుకునే రోజుల్లో నేను రంగు చూసే ఒక గులాబీ అభ్రకానికి లెపిడోలైట్ అని చీటీ అతికించాను. మంటలో పెడితే అది మస్కొవైట్, అంటే లిథియం లేని మామూలు అభ్రకం అని తేలింది. అప్పటి నుంచి రంగును చివరికి నెట్టేశాను.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి: ఒక కుట్టుసూది, పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, గ్రాములో పదో వంతు దాకా చూపే చిన్న తూకం, గాజు గ్లాసు, సన్నటి దారం, ట్వీజర్స్, చిన్న గ్యాస్ టార్చ్, కళ్లకు రక్షణ అద్దాలు.

పరీక్షలకు ముందు: లోపల ఏముంది?

ఇది అర్థమైతే మిగతావన్నీ వాటంతటవే అర్థమవుతాయి. ఆత్రేయపురం పూతరేకును తుంచి పక్క నుంచి చూడండి. పొర మీద పొర, మధ్యలో బెల్లం, నెయ్యి. అభ్రకం నిర్మాణం కూడా దాదాపు అలాంటిదే. సిలికాన్, ఆక్సిజన్ కలిసి అల్లుకున్న రెండు పలుచటి రేకుల మధ్య మూడో రేకు ఒకటి ఇరుక్కుని ఉంటుంది. లెపిడోలైట్‌లో లిథియం, అల్యూమినియం ఆ మధ్య రేకులోనే కూర్చుంటాయి. ఇలా మూడు రేకులు కలిసి ఒక కట్ట. ఒక కట్టకీ ఇంకో కట్టకీ మధ్య పొటాషియం పరమాణువులు జిగురులా పనిచేస్తాయి, కాకపోతే ఆ జిగురు బలహీనం. అందుకే అభ్రకం పొరలు పొరలుగా విడిపోతుంది.

పొటాషియం కూర్చునే చోటే దానికంటే కొంచెం పెద్దవైన రుబీడియం, సీసియం కూడా సర్దుకుంటాయి. లెపిడోలైట్‌లో ఈ రెండూ కనిపించడానికి కారణం అదే. లిథియం మాత్రం జిగురులో కాదు, రేకుల నడుమ గట్టిగా బంధించి ఉంటుంది. దాన్ని బయటికి తీయడం ఎందుకంత ఖర్చో, ఆ రాయిని మెడలో వేసుకుంటే ఒంట్లోకి లిథియం ఎందుకు రాదో, రెండింటికీ జవాబు ఇక్కడే ఉంది.

పేరు సంగతి కూడా చెప్పాలి. నేటి చెక్ రిపబ్లిక్‌లో, మొరావియా ప్రాంతంలోని రోజ్నా దగ్గర దొరికిన ఈ రాయికి దాని లేత ఊదారంగును బట్టి మొదట లిలలైట్ అని పేరు పెట్టారు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త మార్టిన్ క్లాప్రోత్ 1792లో దాన్ని లెపిడోలైట్‌గా మార్చాడు. గ్రీకులో లెపిస్ అంటే చేప పొలుసు. పేరు రంగు నుంచి పొలుసుకు మారడం నాకు ఎంతో సరైన మార్పనిపిస్తుంది, ఎందుకంటే ఈ రాయిని పట్టిచ్చేది పొలుసే. నేటి ఖనిజశాస్త్రంలో లెపిడోలైట్ అన్నది ఒకే ఖనిజం పేరు కాదు. పాలీలిథియోనైట్, ట్రైలిథియోనైట్ అనే రెండు కొసల మధ్య ఉండే వరుస మొత్తానికీ ఆ పేరు వాడతారు. ఏ కొసకు దగ్గరో ల్యాబ్ చెప్పాలి. మన చేతి పరీక్షలకు "లెపిడోలైట్" అన్న మాట చాలు.

మొదటి మెట్టు: సూదితో విడదీయండి

భూతద్దం కింద రాయి అంచు చూడండి. సూది మొనను పొరల మధ్య దూర్చి మెల్లగా ఎత్తండి. పలుచటి రేకు లేస్తే దాన్ని కొద్దిగా వంచి వదలండి. అభ్రకమైతే స్ప్రింగులా మళ్లీ నిటారుగా అవుతుంది. వంచినచోటే వంగి ఉండిపోతే అది క్లోరైట్ వంటి వేరే ఖనిజం కావచ్చు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. అభ్రకం అనగానే అరచేతి వెడల్పు రేకులు ఊహించుకుంటారు. లెపిడోలైట్ అంత పెద్ద రేకులుగా రావడం తక్కువ. ఎక్కువగా పంచదార పలుకుల్లాంటి సన్నటి పొలుసులు గట్టిగా అతుక్కుని, ముద్దలా కనిపిస్తుంది. దూరం నుంచి చూస్తే పొరలే లేవనిపిస్తుంది. ఎండలో ఇటూ అటూ తిప్పండి. ఒక్కో కోణంలో ఒక్కో పొలుసు తళుక్కుమంటుంది. సూదితో గీరితే పొలుసులు రాలతాయి. అలా రాలకపోతే మీ చేతిలో ఉన్నది అభ్రకమే కాకపోవచ్చు. ఊదారంగు స్ఫటికమైన అమెథిస్ట్‌కు పొరలే ఉండవు, పగిలితే గాజులా వంకరగా పగులుతుంది.

రెండో మెట్టు: గీత

ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చెప్పే మోస్ కొలమానంలో లెపిడోలైట్ గట్టిదనం 2.5 నుంచి 3.5 మధ్య. మన గోరు దాదాపు 2.5. అంటే గోటికి కొన్నిసార్లు గీత పడుతుంది, కొన్నిసార్లు పడదు. చాకుతో అయితే తేలిగ్గా పడుతుంది. ఊదారంగు ఫ్లోరైట్ 4, అమెథిస్ట్ 7.

ఒక జాగ్రత్త. ముద్దగా ఉన్న లెపిడోలైట్‌లో పలుగురాయి రవ్వలు, ఫెల్డ్‌స్పార్ రవ్వలు కలిసి ఉంటాయి. ఆ ముద్దను గాజు మీద రుద్దితే గాజుకు గీత పడుతుంది, మీరు "గట్టి రాయి" అనుకుని పక్కన పడేస్తారు. గీత పరీక్షను పొలుసు మీదే చేయాలి, ముద్ద మీద కాదు.

మూడో మెట్టు: నీళ్లలో తూకం

ఇంట్లోనే సాంద్రత కొలవచ్చు. ముందు పొడి రాయి బరువు రాసుకోండి. తర్వాత గ్లాసులో సగానికి పైగా నీళ్లు పోసి తూకం మీద పెట్టి, తూకాన్ని సున్నాకు తెచ్చుకోండి. రాయిని దారంతో కట్టి, పూర్తిగా మునిగేలా, అడుక్కి గానీ పక్కలకు గానీ తగలకుండా వేలాడదీయండి. ఇప్పుడు తూకం చూపే అంకె రాయి తొలగించిన నీటి బరువు. పొడి బరువును ఆ అంకెతో భాగించండి.

పొడి రాయి 142 గ్రాములు, నీళ్లలో వేలాడదీసినప్పుడు తూకం 50 గ్రాములు చూపితే, 142ను 50తో భాగిస్తే 2.84. లెపిడోలైట్ సాధారణంగా 2.8 నుంచి 2.9 దాకా ఉంటుంది. అమెథిస్ట్ 2.65, ఫ్లోరైట్ 3.18. రాయికి అంటిన గాలి బుడగలను వేలితో తుడిచేయడం మరవద్దు, పొలుసుల సందుల్లో అవి దాక్కుని లెక్క తప్పిస్తాయి. పలుగురాయి ఎక్కువగా కలిసిన ముద్దలో అంకె కొంచెం తగ్గుతుంది.

ఈ పరీక్ష ఫ్లోరైట్‌నీ అమెథిస్ట్‌నీ ఏరేస్తుంది. మస్కొవైట్‌ను మాత్రం ఏరలేదు, దాని సాంద్రత కూడా దాదాపు ఇంతే.

నాలుగో మెట్టు: మంట

అసలు తేల్చేది ఇదే. ఆరుబయట, గాలి ఎటు వీస్తోందో చూసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని చేయండి. లెపిడోలైట్‌లో ఫ్లోరిన్ ఉంటుంది. వేడికి వచ్చే ఆవిరి పీల్చకూడదు. వేడెక్కిన పొర చిటపటమని ఎగిరే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి బియ్యపు గింజలో సగం ఉండే ముక్క చాలు, అంతకంటే పెద్దది వద్దు. పిల్లలను దూరంగా ఉంచండి.

మన చేతి చెమటలోని ఉప్పు మంటను పసుపు చేసి అన్నిటినీ కప్పేస్తుంది. అందుకని ముక్కను బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఆరాక ట్వీజర్స్‌తోనే పట్టుకోండి. ముందు ఖాళీ ట్వీజర్స్ కొసను మంటలో పెట్టి దాని రంగు చూడండి. తర్వాత మామూలు అభ్రకం ముక్క. ఆ తర్వాతే మీ రాయి. పోల్చి చూడకపోతే ఈ పరీక్షకు విలువ లేదు.

రెండు విషయాలు గమనించాలి. ఒకటి రంగు: లిథియం మంటకు ముదురు ఎరుపు ఇస్తుంది, కుంకుమ ఎరుపుకు దగ్గరగా. సాయంత్రం వెలుతురు తగ్గాక చేస్తే బాగా కనిపిస్తుంది. రెండోది, నా దృష్టిలో ఇంకా నమ్మదగినది: కరగడం. లెపిడోలైట్ పలుచటి అంచు టార్చ్ మంటలో తేలిగ్గా కరిగి, ఉబ్బి, గాజు పూసలా అవుతుంది. మస్కొవైట్ మొండిగా నిలబడుతుంది, తెల్లబారుతుందే తప్ప అంత తేలిగ్గా కరగదు. రంగు విషయంలో కళ్లు మోసం చేయవచ్చు, పూస మాత్రం చల్లారాక భూతద్దం కింద కూడా అలాగే ఉంటుంది. వేరే మూలకం వల్ల మంట ఎర్రబడిందేమో అన్న సందేహం పెద్దగా అక్కర్లేదు, ఇలాంటి ఎరుపు ఇచ్చే ఇంకో మూలకం స్ట్రాన్షియం, అది అభ్రకంలో మంట రంగు మార్చేంతగా ఉండదు.

ఈ మంట పరీక్షకు గొప్ప చరిత్ర ఉంది. 1861లో హైడెల్‌బర్గ్‌లో రాబర్ట్ బున్సెన్, గుస్తావ్ కిర్కాఫ్ లెపిడోలైట్ నుంచి తీసిన పదార్థాన్ని మంటలో పెట్టి, ఆ వెలుగును రంగుల గీతలుగా విడదీసి చూపే స్పెక్ట్రోస్కోప్‌లో చూశారు. అప్పటిదాకా ఎవరికీ తెలియని ముదురు ఎరుపు గీతలు కనిపించాయి. లాటిన్‌లో ముదురు ఎరుపుకున్న మాటతో ఆ కొత్త మూలకానికి రుబీడియం అని పేరు పెట్టారు. దాన్ని వేరుచేయడానికి వాళ్లు 150 కిలోల లెపిడోలైట్‌ను శుద్ధి చేయాల్సి వచ్చింది.

ఐదో మెట్టు: ఇప్పుడు రంగు

డిసెంబరం పూల రంగు, వంకాయ పూత రంగు, గులాబీ, బూడిద కలిసిన ఊదా, ఇవన్నీ లెపిడోలైట్‌లో ఉంటాయి. తెల్లటిది, పసుపు ఛాయది కూడా ఉంటుంది. ఎందుకంటే లిథియంకు రంగు లేదు. ఊదారంగు ఇచ్చేది కొద్దిపాటి మాంగనీస్, ఇనుము చాలా తక్కువగా ఉండటం దానికి తోడు. అదే మాంగనీస్ మస్కొవైట్‌లో చేరితే అదీ గులాబీ అవుతుంది. కొడెర్మా గనుల పేరుపొందిన రూబీ మైకా కూడా మస్కొవైటే. ఇనుము ఎక్కువైన లిథియం అభ్రకం బూడిద, గోధుమ రంగుల్లో ఉంటుంది. దాన్ని జిన్వాల్డైట్ అంటారు, జర్మనీ, చెక్ సరిహద్దులోని జిన్వాల్డ్ పేరు మీద. అందమైన ఊదా రాయిలో లిథియం లేకపోవచ్చు, చూడటానికి ఏమీ లేని బూడిద రాయిలో ఉండవచ్చు.

ఆరో మెట్టు: పుట్టిన చోటు, పక్కనున్న రాళ్లు

రాయి మీకు నేలలోనే దొరికితే ఈ మెట్టు మీద ఎక్కువ సమయం పెట్టండి. లెపిడోలైట్ ఒంటరిగా పుట్టదు.

చినగంజాం వైపు ఉప్పు మడులు చూసినవాళ్లకు ఇది చెప్పడం తేలిక. సముద్రపు నీళ్లు ఎండుతూ ఉంటే ముందు ఉప్పు గడ్డకడుతుంది. ఉప్పు తీసేశాక మడిలో చేదు నీళ్లు మిగులుతాయి. ఉప్పు స్ఫటికంలో ఇమడని మెగ్నీషియం వంటివన్నీ ఆ నీళ్లలోనే చిక్కబడతాయి. భూమి లోపల గ్రానైట్ శిలాద్రవం చల్లారేటప్పుడు జరిగేదీ ఇదే. ఫెల్డ్‌స్పార్, పలుగురాయి ముందు గడ్డకడతాయి. వాటిలో ఇమడని లిథియం, రుబీడియం, సీసియం, టాంటలం, బెరీలియం మిగిలిన ద్రవంలో పోగవుతాయి. నీరు, ఫ్లోరిన్, బోరాన్, ఫాస్ఫరస్ కూడా అందులోనే చేరతాయి. ఇవి ఆ ద్రవాన్ని పలుచగా ఉంచి, ఇంకా తక్కువ వేడిలో కూడా గడ్డకట్టనీయవు. ఆ చివరి ద్రవం చుట్టుపక్కల రాళ్ల పగుళ్లలోకి చొరబడి గడ్డకడితే వచ్చేదే పెగ్మటైట్. అందులో స్ఫటికాలు వేలంత, చేయంత, ఒక్కోచోట మనిషంత పెరుగుతాయి.

అయితే ప్రతి పెగ్మటైట్‌లోనూ లిథియం ఉండదు. చాలావాటిలో ఫెల్డ్‌స్పార్, పలుగురాయి, మస్కొవైట్, నల్ల టూర్మలిన్ తప్ప ఇంకేమీ ఉండవు. తల్లి గ్రానైట్‌కు దూరంగా వెళ్లిన, బాగా వడకట్టుకున్న ద్రవం నుంచి పుట్టినవే లిథియం పెగ్మటైట్లు. వాటిలో కూడా అంచు నుంచి మధ్యకు పట్టీలు పట్టీలుగా ఖనిజాలు మారతాయి. మధ్యలో తరచుగా పలుగురాయి గుండె ఒకటి ఉంటుంది. లెపిడోలైట్‌ను ఆ గుండె చుట్టూ, లోపలి పట్టీల్లో వెతకాలి, అంచుల్లో కాదు. ముందే పుట్టిన ఖనిజాలను చివరి ద్రవం తినేసి, వాటి స్థానంలో లెపిడోలైట్‌ను నింపిన చోట్లు కూడా ఉంటాయి. ఫ్లోరిన్ బాగా ఉన్నచోట లిథియం లెపిడోలైట్‌గా మారడానికి మొగ్గు చూపుతుంది, లేనిచోట స్పోడ్యుమిన్, పెటలైట్ వంటి వేరే లిథియం ఖనిజాలు వస్తాయి.

పక్కన ఏవి కనిపిస్తే ఆశ పెంచుకోవచ్చు? రేకుల్లా పెరిగిన తెల్లటి ఆల్బైట్, అంటే క్లీవ్‌లాండైట్. గులాబీ, ఆకుపచ్చ టూర్మలిన్, ముఖ్యంగా పుచ్చకాయ ముక్కలా లోపల గులాబీ, బయట ఆకుపచ్చగా ఉండేది. గులాబీ బెరిల్. బరువైన నల్లటి టాంటలైట్ రవ్వలు. నల్ల టూర్మలిన్ ఒక్కటే కనిపిస్తుంటే మీరింకా దూరంగా ఉన్నట్టే.

లోకంలో కెనడా మానిటోబాలోని టాంకో గని, జింబాబ్వేలోని బికిటా, నమీబియాలోని కరిబిబ్ ప్రాంతం, బ్రెజిల్‌లోని మీనాస్ జెరైస్, చైనాలో జియాంగ్‌షీ రాష్ట్రంలోని యిచున్ లెపిడోలైట్‌కు పేరున్న చోట్లు. మన దేశంలో ఛత్తీస్‌గఢ్ బస్తర్ వైపు గోవింద్‌పాల్, ముండ్వాల్, చితల్‌నార్ పెగ్మటైట్లలో తగరపు రాయితో పాటు లెపిడోలైట్ ఉంది. జార్ఖండ్ అభ్రకం పట్టీలోనూ దొరికింది. కర్ణాటకలోని మండ్య దగ్గర మర్లగల్లలో ఉన్నది ప్రధానంగా స్పోడ్యుమిన్, అది అభ్రకం కాదు. నెల్లూరు పట్టీ ప్రధానంగా మస్కొవైట్‌కు పేరుపడింది. అక్కడ గులాబీ మెరుపు కనిపించినంత మాత్రాన లిథియం దొరికిందని ప్రచారం చేయకండి, నాలుగో మెట్టు దాటనివ్వండి.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. లిథియం ఖనిజాలు ఇంతకుముందు అణు ఖనిజాల జాబితాలో ఉండేవి. 2023లో గనుల చట్టాన్ని సవరించి వాటిని ఆ జాబితా నుంచి తీసి, కీలక ఖనిజాల్లో చేర్చారు. వాటిని వేలం వేసే అధికారం కేంద్రానిది. మీ పొలంలో దొరికినా తవ్వి అమ్ముకోవడం కుదరదు. నమ్మకంగా ఆనవాళ్లు కనిపిస్తే హైదరాబాద్ బండ్లగూడలోని భారత భూగర్భ సర్వే సంస్థ కార్యాలయానికి గానీ, బేగంపేటలోని అణు ఖనిజాల అన్వేషణ సంస్థకు గానీ చెప్పడం సరైన దారి.

ఏడో మెట్టు: ల్యాబ్

ఎక్స్‌రేలతో మూలకాలను గుర్తించే, తుపాకీలా ఉండే ఎక్స్‌ఆర్‌ఎఫ్ పరికరం రాయి మీద పెట్టి "ఇంత శాతం లిథియం" అని ఎవరైనా చెబితే నమ్మకండి. లిథియం అంత తేలికైన మూలకాన్ని ఆ పరికరం చూడలేదు. అది పొటాషియంనూ రుబీడియంనూ మాత్రం బాగా చూస్తుంది, అదీ పనికొచ్చేదే. అభ్రకంలో పొటాషియంతో పోలిస్తే రుబీడియం వాటా పెరిగేకొద్దీ ఆ పెగ్మటైట్ అంత బాగా వడకట్టుకున్నదని అర్థం. లిథియం కోసం రాయిని పొడి చేసి, పూర్తిగా కరిగించి, ద్రావణంలోని మూలకాలను కొలిచే ఐసీపీ పరికరంలో కొలిపించాలి. ఏ ఖనిజమో ఖాయంగా తెలియాలంటే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ కావాలి.

రిపోర్టులో అంకెలు మూడు రకాలుగా రావచ్చు, ఇక్కడ మోసపోయేవాళ్లు చాలామంది. లిథియం శాతాన్ని 2.153తో గుణిస్తే లిథియం ఆక్సైడ్ శాతం. దాన్ని మళ్లీ 2.473తో గుణిస్తే లిథియం కార్బొనేట్. పది లక్షల్లో 2,000 భాగాల లిథియం అంటే 0.2 శాతం, అంటే 0.43 శాతం ఆక్సైడ్. ఒకే రాయిని మూడు అంకెలతో చెప్పవచ్చు, పెద్ద అంకె చూసి గొప్ప రాయి అనుకోవద్దు. శుభ్రమైన లెపిడోలైట్‌లో ఆక్సైడ్ సాధారణంగా 3 నుంచి 4 శాతం దాకా, సిద్ధాంతపరంగా 7 దాటి ఉండవచ్చు. కానీ గనిలో తవ్వేది శుభ్రమైన ఖనిజం కాదు, దాన్ని మోస్తున్న రాయి.

దేనికి పనికొస్తుంది?

బ్యాటరీల ముడిసరుకైన లిథియం కార్బొనేట్ తీయడం నేడు పెద్ద వాడకం. యిచున్‌ను ఆసియా లిథియం రాజధాని అని పిలుచుకునేది ఈ అభ్రకం వల్లే. తవ్విన రాయిని నలిపి, నీళ్లలో నురగ పట్టించి అభ్రకాన్ని వేరు చేస్తారు. దాన్ని సల్ఫేట్ లవణాలతో కలిపి 900 డిగ్రీల సెల్సియస్‌కు అటూఇటూగా కాలుస్తారు. అప్పుడు బిగిసిన రేకులు విడిపోయి, లిథియం నీళ్లలో కరిగే సల్ఫేట్‌గా మారుతుంది. ఆ నీటిని శుద్ధి చేసి, సోడియం కార్బొనేట్ కలిపితే తెల్లటి లిథియం కార్బొనేట్ అడుక్కి చేరుతుంది.

చెప్పడానికి నాలుగు వాక్యాలే. లెక్క వేసి చూడండి: ఒక టన్ను కార్బొనేట్‌కు 404 కిలోల ఆక్సైడ్ కావాలి. రాయిలో ఆక్సైడ్ 0.4 శాతమే ఉంటే, ఒక్క గ్రాము కూడా వృథా కాకపోయినా 101 టన్నుల రాయి తవ్వాలి. వృథా కాకుండా ఏ ఫ్యాక్టరీ నడవదు. మిగిలిన గుట్టలు, కొలిమి నుంచి వచ్చే ఫ్లోరిన్ వాయువులు, వీటిని పట్టుకునే ఏర్పాటు లేకుండా లెపిడోలైట్ గని తెరవకూడదని నేను గట్టిగా అనుకుంటాను.

బ్యాటరీలు రాకముందే గాజు, పింగాణీ పరిశ్రమలు దీన్ని నేరుగా వాడాయి. గాజు తక్కువ వేడికే కరగడానికి, వేడికి తక్కువగా వ్యాకోచించడానికి లిథియం సాయపడుతుంది. పాలలాంటి తెల్ల గాజుకు ఇందులోని ఫ్లోరిన్ కూడా పనికొస్తుంది. వెంట వచ్చే రుబీడియం పరమాణు గడియారాల్లోకి వెళుతుంది. రాళ్ల వయసు లెక్కగట్టడానికీ ఈ ఖనిజం మంచి సాక్షి: రుబీడియంలో ఒక రకం అతి నెమ్మదిగా స్ట్రాన్షియంగా మారుతూ ఉంటుంది, ఎంత మారిందో కొలిస్తే వయసు తెలుస్తుంది.

ఇంకో వాడకం గురించి కూడా చెప్పాలి. లెపిడోలైట్ దగ్గర పెట్టుకుంటే టెన్షన్ తగ్గుతుందని, నిద్ర పడుతుందని చెప్పి కంకణాలు, లాకెట్లు అమ్ముతున్నారు. లిథియం లవణాలు మానసిక వైద్యంలో నిజంగానే మందు, 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ చూపించినప్పటి నుంచి. కానీ ఆ మందు డాక్టర్ రాసిన మోతాదులో, రక్తంలో ఎంత ఉందో పరీక్షలు చేయించుకుంటూ వేసుకోవాలి, కొంచెం ఎక్కువైనా ప్రమాదం. రాయిలోని లిథియం రేకుల్లో బిగిసి ఉంది, చర్మం గుండా ఒంట్లోకి రాదు. రాయి నచ్చితే పెట్టుకోండి. దాన్ని నమ్ముకుని మందులు మాత్రం ఆపకండి. నానబెట్టిన నీళ్లు తాగకండి, ముద్దలో ఇంకే ఖనిజాలున్నాయో కంటికి కనిపించవు.

దాచుకోవడం

మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి. సబ్బు నీళ్లలో నానబెట్టవద్దు, పొరల్లోకి నీరు చేరి అంచులు ఊడిపోతాయి. గట్టి రాళ్లతో ఒకే డబ్బాలో వేస్తే గీతలు పడతాయి. కోయాలన్నా, అరగదీయాలన్నా తడి చేస్తూ, మాస్కు పెట్టుకునే చేయండి, పలుగురాయి ధూళి ఊపిరితిత్తులను శాశ్వతంగా దెబ్బతీస్తుంది.

చీటీ రాసి రాయితోనే ఉంచండి: ఎక్కడ దొరికింది, పక్కన ఏ రాళ్లున్నాయి, సాంద్రత ఎంత, మంటలో కరిగిందా, ఏ రంగు వచ్చింది. ల్యాబ్‌కు పంపని రాయి మీద "లిథియం అభ్రకం, బహుశా లెపిడోలైట్" అని రాయండి. ఎక్స్‌రే రిపోర్టు చేతికొచ్చాక ఆ "బహుశా" కొట్టేయవచ్చు.